ఇంట్లో వాడుకునే, బరువు మార్చుకోగల కెటిల్‌బెల్: 8 నుంచి 24 కిలోల దాకా ఒకే చట్రం

మీరు అడిగింది ఇదీ: అనంతపురంలో పై అంతస్తులో అద్దెకుంటున్నారు. 8, 12, 16, 20, 24 కిలోల కెటిల్‌బెల్స్ (పైన పిడి ఉన్న వ్యాయామపు ఇనుప గుండ్లు) ఐదూ కొనే వీలు లేదు, పెట్టుకునే చోటూ లేదు. దగ్గరున్న వెల్డింగ్ షాపులో బరువు మార్చుకునేది ఒకటి చేయించుకోవచ్చా? జిమ్ ప్లేట్లు తగిలిస్తే సరిపోతుందా? లేక ఇనుప గుండులో ఇసుకో సీసమో నింపాలా?

చేయించుకోవచ్చు. వెల్డింగ్, లేత్ రెండూ తెలిసిన షాపు ఏదైనా చేయగలదు. అయితే ఇలాంటివి చేయించినప్పుడు జనం బలం గురించి ఎక్కువ ఆలోచిస్తారు, వదులు గురించి తక్కువ ఆలోచిస్తారు. అసలు చిక్కంతా వదులుతోనే. ఒక లెక్క చూడండి. 24 కిలోల బెల్‌ను స్వింగ్ చేస్తే, అంటే తొడల మధ్య నుంచి ముందుకు ఊపితే, కింది మలుపులో దాని వేగం సెకనుకు సుమారు 4 మీటర్లు, భుజం నుంచి దూరం 80 సెంటీమీటర్లు అనుకుందాం. ఆ క్షణంలో హ్యాండిల్ మీద పడే లాగుడు బెల్ బరువుకు మూడు రెట్లు, అంటే 70 కిలోల పైచిలుకు. మామూలు 4.6 గ్రేడు ఎం20 (20 మి.మీ. వ్యాసం) బోల్టు సాగకుండా ఐదున్నర టన్నుల దాకా ఆపుతుంది. కాబట్టి బోల్టు తెగి బెల్ ఊడిపడటం దాదాపు జరగదు. జరిగేది వేరు. ప్లేట్ల మధ్య వెంట్రుకవాసి సందు ఉంటే ప్రతి స్వింగ్‌కూ అవి పక్కకు జరిగి కొట్టుకుంటాయి. అలా పక్కకు జరగడమే నట్టును తిప్పి వదులు చేస్తుంది. నట్టు కాస్త వదులైతే సందు పెరుగుతుంది, సందు పెరిగితే దెబ్బ పెరుగుతుంది. చివరికి నట్టు ఊడటమో, వెల్డింగ్ అంచున పగులు మొదలవడమో ఖాయం. డిజైన్‌లో ప్రతి నిర్ణయం దీన్ని ఆపడానికే తీసుకోవాలి.

ముందు మీ రెండు ఆలోచనల సంగతి.

జిమ్ ప్లేట్లు: పైపుకు ఫ్లాంజ్ బిగించి, పైన టీ ఫిట్టింగ్ పెట్టి, కింద ప్లేట్లు వేసే పద్ధతి చాలామంది వాడతారు. రెండు చేతులతో స్వింగ్ ఒక్కదానికే అది పనికొస్తుంది. నీళ్ల పైపుకు మర కోస్తే గోడ మందంలో చాలా భాగం పోతుంది, ఆ మర మొదట్లోనే పైపు విరుగుతుంది. పోత టీ ఫిట్టింగ్‌లు దెబ్బకు వంగవు, పగులుతాయి. పైగా 10 కిలోల ప్లేటు వెడల్పు ఎక్కువ కాబట్టి తొడల మధ్య నుంచి వెళ్లేటప్పుడు మోకాలికి తగులుతుంది. తల మీదికి ఎత్తే వ్యాయామాలకు దీన్ని అసలు వాడొద్దు.

ఇసుక, సీసం: పోటీల్లో వాడే కెటిల్‌బెల్ గుండు వ్యాసం 210 మి.మీ., మొత్తం ఎత్తు 280 మి.మీ. 3 మి.మీ. రేకుతో అంత గుండు చేస్తే లోపల 4.4 లీటర్ల చోటు దొరుకుతుంది. ఎండు ఇసుక నింపితే 7 కిలోలే పడుతుంది. మన దగ్గర మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) ఉంది కదా అని కొందరు అడుగుతారు. ఆలోచన మంచిదే. ఆ రాయి సాంద్రత 4.2 పైనే, ఇసుకరాయికి ఒకటిన్నర రెట్లకు మించి ఉంటుంది. కానీ ముక్కల మధ్య ఖాళీ పోగా 4.4 లీటర్లలో 11 కిలోలు దాటదు. ఇనుప గుళ్లు పోస్తే 20 కిలోల దాకా వస్తుంది. ఏది పోసినా సగం నింపినప్పుడు లోపల దొర్లుతుంది, స్వింగ్ మధ్యలో బరువు ఒక పక్కకు పరుగెత్తి మణికట్టును మెలిపెడుతుంది. బరువు మార్చాలంటే ప్రతిసారీ పోసి, తూచి, మూయాలి. సీసం సంగతి ఎత్తొద్దు. దాని పొడి చేతికంటుకుని నోట్లోకి పోతుంది, పిల్లలున్న ఇంట్లో మరీ ప్రమాదం.

మిగిలింది ఉక్కు ప్లేట్ల దొంతర. ఇక్కడ ఒక చిన్న ఉపాయంతో మూడు నాలుగు చిక్కులు ఒకేసారి తీరుతాయి.

ప్లేటు తీస్తే బుష్ పెట్టాలి

మామూలుగా చేసే దొంతరలో నడిమి కడ్డీ అంతా మర కోసి, ఎన్ని ప్లేట్లు వేస్తే అక్కడిదాకా నట్టు పైకి తిప్పుతారు. 8 కిలోలు పెట్టుకున్న రోజు కింద రెండున్నర అంగుళాల కడ్డీ బయటికి పొడుచుకొస్తుంది. నేల మీద నిలబడదు, కాలికి గుచ్చుకుంటుంది. కడ్డీ పొడవునా మర ఉండటంతో ప్లేటు రంధ్రం ఆ మర మొనల మీద కూర్చుని వాటిని నలిపేస్తుంది. నట్టు రోజుకో చోట ఆగుతుంది కాబట్టి దానికి పిన్ను వేసే దారి లేదు.

దీనికి బదులు దొంతర పొడవు ఎప్పుడూ 64 మి.మీ. ఉండేలా చేయండి. 16 మి.మీ. ప్లేటు తీస్తే ఆ చోట 16 మి.మీ. ఉక్కు బుష్ (కడ్డీకి తొడిగే చిన్న గొట్టం లాంటి ముక్క) పెట్టండి. 8 మి.మీ. ప్లేటుకు 8 మి.మీ. బుష్. నట్టు ఎప్పుడూ ఒకే చోటికి వచ్చి ఆగుతుంది. అందువల్ల కడ్డీ చివర పిన్ను రంధ్రం వేసుకోవచ్చు, కడ్డీలో మర అవసరమైన చివరి భాగం తప్ప మిగతాది నున్నగా ఉంచవచ్చు, అడుగు భాగం ఎప్పుడూ ఒకేలా నిలుస్తుంది. బుష్‌గా చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్ వాడొద్దు. బిగువు కింద అవి రోజురోజుకూ నలుగుతాయి, నట్టు వదులైనట్టే లెక్క.

కొలతలు, బరువులు

ఉక్కు లెక్క సులువు: చదరపు మీటరు రేకు మి.మీ. మందానికి 7.85 కిలోలు. 8 అంగుళాల వ్యాసం, అంటే 203 మి.మీ., 8 మి.మీ. మందం ఉన్న ప్లేటు దాదాపు 2 కిలోలు తూగుతుంది. కానీ మన పద్ధతిలో ప్లేటు వేసినప్పుడల్లా ఒక బుష్ బయటికి పోతుంది. బయట 40, లోపల 20.5 మి.మీ. ఉన్న 16 మి.మీ. బుష్ 115 గ్రాములు ఉంటుంది. ఆ లోటును ప్లేటులోనే కలుపుకోవాలి. అందుకని వ్యాసం 206 మి.మీ. పెట్టండి. అప్పుడు 16 మి.మీ. ప్లేటు రంధ్రాలు పోగా 4.11 కిలోలు, బుష్ తీసేస్తే నికరంగా 4 కిలోలు పెరుగుతుంది. 8 మి.మీ. ప్లేటుతో నికరంగా 2 కిలోలు.

కావలసినవి 16 మి.మీ. ప్లేట్లు మూడు, 8 మి.మీ. ప్లేట్లు రెండు, వాటికి జోడీగా అదే మందంలో బుష్‌లు ఐదు. వీటితో 8 నుంచి 24 దాకా ప్రతి 2 కిలోలకూ ఒక మెట్టు వస్తుంది. ఖాళీ చట్రం 8 కిలోలు ఎలా అవుతుందో చూడండి: హ్యాండిల్ 1.83, పై ప్లేటు 2.49, నడిమి కడ్డీ 0.32, రెండు గైడు పిన్నులు 0.14, అడుగు ప్లేటు 2.05, అడుగు రింగు 0.57, నట్టు వాషరు 0.10, వెల్డింగ్ లోహం ఇంకో 0.10, ఐదు బుష్‌లు 0.46. మొత్తం 8.06. రేకు మందంలో కొద్దిపాటి తేడా ఎప్పుడూ ఉంటుంది కాబట్టి 50, 100 గ్రాముల గురించి పట్టించుకోనక్కర్లేదు. ప్రతి ప్లేటునూ ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి, అసలు బరువును పంచ్‌తో దాని మీదే కొట్టించుకోండి.

హ్యాండిల్‌కు 32 మి.మీ. నున్నటి ఎంఎస్ (మైల్డ్ స్టీల్) రౌండ్ బార్ తీసుకోండి. మెలి కడ్డీ వద్దు, దాని గట్లు అరిచేయి చీలుస్తాయి. పైపు కూడా వాడొచ్చుగానీ ఇంత చిన్న వంపులో పైపు నొక్కుకుపోతుంది. ఎల్బోలు అతికిస్తే సరిగ్గా వేళ్లు పట్టే చోటే వెల్డింగ్ గీత వస్తుంది. బార్ 290 మి.మీ. ముక్క కోసి, ఎర్రగా కాల్చి, మధ్యరేఖ మీద 45 మి.మీ. వంపు వచ్చేలా రెండు మూలలా వంచాలి. కొలిమి ఉన్నచోట ఇది పది నిమిషాల పని. కాళ్ల మధ్య లోపలి వెడల్పు 115 మి.మీ., పై ప్లేటు నుంచి హ్యాండిల్ అడుగుకు 65 మి.మీ. ఖాళీ ఉండాలి. 65 ఎక్కువ కదా అనిపిస్తుంది. నడిమి కడ్డీ తల 6 మి.మీ. పైకి ఉంటుంది కాబట్టి అసలు మిగిలేది 59. అంతకన్నా తగ్గితే పిడికిలి వెనక వైపు ఆ తలకు రాసుకుంటుంది. చేతులు చిన్నవైతే బార్ 28కి తగ్గించండి. అప్పుడు చట్రం సుమారు 400 గ్రాములు తేలికవుతుంది.

పై ప్లేటు 206 వ్యాసం, 10 మి.మీ. మందం. హ్యాండిల్ కాళ్లు ప్లేటు మీద నిలబెట్టి చుట్టూ వెల్డింగ్ చేసే పద్ధతి ఒప్పుకోవద్దు. ప్లేటులో 32.5 మి.మీ. రంధ్రాలు వేయించి కాళ్లు వాటిలోకి 10 మి.మీ. దిగాలి. అడుగు వైపు రంధ్రం అంచును 5 మి.మీ. లోతు ఏటవాలుగా గీయించి, ఆ గాడి వెల్డింగ్‌తో నింపి, ప్లేటుకు సమంగా గ్రైండ్ చేయాలి. పై వైపు 8 మి.మీ. ఫిల్లెట్ (మూలలో నింపే వెల్డింగ్). ఇలా చేస్తే ఒక వైపు పగులు వచ్చినా రెండో వైపు పట్టి ఉంచుతుంది.

నడిమి కడ్డీని 40 మి.మీ. బార్ నుంచి లేత్ మీద తీయించండి. పైన 40 వ్యాసం, 6 మి.మీ. మందం తల. తల కింద 20 మి.మీ. కడ్డీ. పై ప్లేటు అడుగు ముఖం నుంచి 65 మి.మీ. నున్నగా, ఆ తర్వాత 38 మి.మీ. ఎం20 మర. దీన్ని పై నుంచి కిందికి దూర్చి తల చుట్టూ వెల్డింగ్ చేయాలి. తల ఎందుకంటే, వెల్డింగ్ మొత్తం పోయినా తల ప్లేటులోంచి కిందికి జారలేదు, బెల్ చేతిలోనే ఉంటుంది. షాపువాళ్లు “ఎందుకన్నా ఇంత పని, హైటెన్సిల్ బోల్టు తెచ్చి అతికిద్దాం” అంటారు. 8.8 గ్రేడు బోల్టు వేడిచేసి గట్టిపరిచిన ఉక్కు, వెల్డింగ్ వేడికి తల దగ్గర గుణం మారి పెళుసవుతుంది. ఎంఎస్ కడ్డీకే ఎనభై రెట్ల బలం ఉన్నప్పుడు హైటెన్సిల్‌తో మనకు పనిలేదు.

గైడు పిన్నులు 12 మి.మీ. కడ్డీవి, పై ప్లేటు అడుగు నుంచి కిందికి 70 మి.మీ. పొడవు, నడిమి నుంచి 60 మి.మీ. దూరంలో ఎదురెదురుగా రెండు. హ్యాండిల్ కాళ్లున్న గీతకు అడ్డంగా ఉండాలి. ప్లేట్లలో వీటికి 13 మి.మీ. రంధ్రాలు. పిన్నులు లేకపోతే ప్లేట్లు కడ్డీ చుట్టూ తిరుగుతాయి, తిరిగే ప్లేటు తనతోపాటు నట్టునూ తిప్పుతుంది.

అడుగు ప్లేటు 206 వ్యాసం, 8 మి.మీ. దాని కింద 5 అంగుళాల పైపు నుంచి కోసిన 35 మి.మీ. ఎత్తు రింగు. నట్టు ఈ రింగు లోపల దాక్కుంటుంది. బాక్స్ స్పానర్ దూరడానికి కావలసినంత చోటుంది. రింగు అంచుకు రబ్బరు అతికిస్తే నేల గీరదు.

రేకు కోయించడం

ఇక్కడ గ్యాస్ కటింగ్ మాత్రమే దొరికితే 212 వ్యాసంలో కోయించి, లేత్ మీద 206కు దించుకోండి. గ్యాస్ కోత అంచు గట్టిపడుతుంది, ఏటవాలుగా ఉంటుంది. దాన్ని అలాగే వదిలితే బరువూ కుదరదు, గుండ్రమూ కుదరదు. లేజర్ కటింగ్ అయితే నేరుగా 206. అనంతపురం వాళ్లకు బెంగళూరు పీణ్యా, కర్నూలు వాళ్లకు హైదరాబాద్ బాలానగర్, జీడిమెట్ల దగ్గర. డ్రాయింగ్ పంపితే పార్సిల్‌లో వచ్చేస్తాయి. 16 మి.మీ. కోసే మిషను లేదంటే 8 మి.మీ. ప్లేట్లే ఎనిమిది తీసుకోండి, బరువు లెక్క మారదు. బుష్‌లు మాత్రం అప్పుడు ఎనిమిదీ 8 మి.మీ.వే.

బిల్లు గుండ్రటి ప్లేటుకు కాదు, అది వచ్చిన చదరపు ముక్కకు వేస్తారు. 21 కిలోల గుండ్రాలకు సుమారు 28 కిలోల రేకు లెక్క కడతారు. కోత కూలి వేరు. మూలల తుక్కు మీకు ఇవ్వమనండి, లేదా దాని విలువ తగ్గించమనండి.

రంధ్రాలు లేజర్‌తో చిన్నగా వేయించి డ్రిల్‌తో చివరి సైజుకు తేవడం మంచిది. మందం ప్లేటులో లేజర్ రంధ్రం పైన ఒక సైజు, కింద ఒక సైజు వస్తుంది. అలాంటి రంధ్రంలో కడ్డీ ఒక అంచునే తాకుతుంది.

వెల్డింగ్ వరస

వరస తప్పితే పై ప్లేటు గిన్నెలా వంగుతుంది. వంగిన ప్లేటు కింద మిగతావి కూర్చోవు, ఎంత బిగించినా సందు ఉంటుంది. కాబట్టి ముందు మిల్ స్కేల్ (కొత్త ఉక్కు మీది నల్ల పొర), తుప్పు, నూనె గ్రైండర్‌తో తీసేయాలి. నడిమి కడ్డీ, గైడు పిన్నులు పెట్టి, ప్లేట్లన్నీ, అడుగు ప్లేటుతో సహా, వాటి మీదుగా ఎక్కించి, నట్టు బిగించాలి. అంటే ప్లేట్లే జిగ్‌గా (కదలకుండా పట్టి ఉంచే అచ్చుగా) పనిచేస్తాయి, కడ్డీ నిటారుగా ఉండక తప్పదు. ఇప్పుడు కడ్డీ తలకు నాలుగు చోట్ల చుక్కలు పెట్టి, ఎదురెదురుగా కొంచెం కొంచెం నింపుతూ చుట్టు తిరగాలి. హ్యాండిల్ కాళ్లు కూడా అంతే: ఈ కాలికి సగం, ఆ కాలికి సగం. చల్లారాక ప్లేట్లు విప్పి, కాళ్లకూ పిన్నులకూ అడుగు వైపు వెల్డింగ్ చేయాలి. పిన్నుల చుట్టూ కూడా గాడి తీసి నింపి సమంగా గ్రైండ్ చేయాలి, పైకి లేచిన వెల్డింగ్ ఉంటే ప్లేటు దాని మీద కూర్చుంటుంది.

వెల్డింగ్ రాడ్డు 6013 రకం సరిపోతుంది, 3.15 మి.మీ. 7018 ఇంకా మంచిదే కానీ అది పొడిగా, వేడిచేసి ఉంచినది కావాలి. తేమ పట్టిన 7018 కన్నా మంచి 6013 మేలు. జీఐ పైపు ముక్క రింగుకు వాడితే జింకు పూత పూర్తిగా తీసేయండి. ఆ పొగ పీలిస్తే ఆ రాత్రి జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి, వెల్డింగ్‌లో బుడగలు కూడా పడతాయి.

అయ్యాక పై ప్లేటు అడుగు ముఖం మీద స్టీల్ స్కేలు నిలువుగా పెట్టి వెలుతురుకు చూడండి. సందు అర మి.మీ. దాటితే లేత్ మీద ఫేసింగ్ (ముఖం సమంగా కోయడం) చేయించాలి, బలవంతంగా నట్టు బిగించి సరిచేయాలని చూడొద్దు. పగుళ్ల కోసం వెల్డింగ్ మీద కిరోసిన్ పూసి, అరగంట ఆగి, పొడిగా తుడిచి, చాక్‌పీస్ రుద్దండి. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ సన్నటి తడి గీతగా పైకి వస్తుంది.

నట్టు, పిన్ను

స్ప్రింగ్ వాషర్ వేస్తే చాలనుకుంటారు. పక్కకు ఊగే బరువు దగ్గర అది నట్టును ఆపదు. నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉన్నది) మొదట బాగానే పట్టుకుంటుంది. వారానికి నాలుగుసార్లు విప్పి బిగించే పనిలో నైలాన్ అరిగిపోయి మామూలు నట్టుతో సమానమవుతుంది. ఇక్కడ సరైనది క్యాజిల్ నట్టు (అంచున గాడులున్నది), అడ్డంగా పిన్ను. ట్రాక్టర్ స్పేర్ పార్ట్స్ షాపులో ఎం20, 2.5 పిచ్ అని అడగండి. సన్న మర నట్టు ఇస్తే మీ కడ్డీకి ఎక్కదు, కాబట్టి కడ్డీకి మర కోయకముందే నట్టు కొని లేత్ షాపులో చేతికివ్వండి.

కడ్డీలో 4 మి.మీ. పిన్ను రంధ్రం ముందే వేయకండి. దొంతర మొత్తం ఎక్కించి, అడుగు పొడవు స్పానర్‌తో గట్టిగా బిగించి, నట్టు గాడి ఎక్కడుందో గుర్తుపెట్టి అప్పుడు వేయండి. అంత స్పానర్‌తో చేతి బలంతో బిగిస్తే కడ్డీలో సుమారు రెండు టన్నుల బిగువు వస్తుంది. మనకు కావలసింది ఆ బిగువే, ప్లేట్లను ఒకే ముద్దగా పట్టి ఉంచేది అదే. పిన్ను పని నట్టు ఊడిపోకుండా చూడటం, బిగువు నిలపడం కాదు. ఈ రెంటికీ తేడా మరవకూడదు. పిన్ను ఉంది కదా అని నట్టు చేత్తో తిప్పి వదిలేస్తే ప్లేట్లు కొట్టుకుంటాయి, పిన్ను కోసుకుపోతుంది. గాడి కుదరకపోతే నట్టును ఇంకాస్త ముందుకే తిప్పి కుదర్చాలి. వెనక్కి తిప్పి కుదర్చకూడదు. ముందుకు తిరగకపోతే నట్టు కింద పలుచని షిమ్ వాషర్ మార్చండి.

రోజూ మార్చేవాళ్లు స్ప్లిట్ పిన్ను బదులు ఆర్ క్లిప్ వాడొచ్చు, చేత్తో వస్తుంది, చేత్తో పోతుంది. స్ప్లిట్ పిన్ను ఒకసారి వంచి విప్పాక మళ్లీ వాడొద్దు.

బరువు మార్చేటప్పుడు బెల్‌ను తలకిందులు చేసి, హ్యాండిల్‌ను రెండు చెక్క ముక్కల మధ్య ఇరికించి, 30 సైజు బాక్స్ స్పానర్‌తో విప్పాలి. బుష్‌లు ఎప్పుడూ పై ప్లేటు వైపు, ప్లేట్లు అడుగు వైపు వేయండి. అలా వేస్తే బరువు చేతికి దూరంగా కిందికి ఉంటుంది, 12 కిలోలు పెట్టినా 24 పెట్టినా ఊపులో తేడా తక్కువ. ప్లేట్ల ముఖాలు ప్రతిసారీ గుడ్డతో తుడవాలి. ఒక్క ఇసుక రేణువు మధ్యలో ఉన్నా, అది నలిగిన మరుక్షణం బిగువు పోతుంది. అదే కారణంతో ప్లేట్ల ముఖాలకు మందపాటి పెయింట్ గానీ పౌడర్ కోటింగ్ గానీ వద్దు, పలుచని ప్రైమర్ ఒక్క పొర చాలు.

చేతికి, ముంజేతికి తగిలే భాగాలు

హ్యాండిల్‌కు పెయింట్ వేయించకండి. చెమట పట్టిన చేతిలో పెయింట్ జారుతుంది, కొన్నాళ్లకు పెచ్చులూడి చర్మం కోస్తుంది. 120 నంబరు ఎమెరీతో మొదలుపెట్టి 220తో ఆపండి. అద్దంలా మెరిసేలా చేస్తే మళ్లీ జారుతుంది. వాడాక చెమట తుడిచి, వారానికోసారి ఒక చుక్క కొబ్బరినూనె రుద్ది పొడిగా తుడిస్తే తుప్పు పట్టదు. మన ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరింటికే అరిచేతులు తడుస్తాయి. మెగ్నీషియం కార్బొనేట్ చాక్ స్పోర్ట్స్ షాపుల్లో దొరుకుతుంది, అది వాడండి. సున్నం పూసుకునేవాళ్లున్నారు, దయచేసి వద్దు. చెమటతో కలిసిన సున్నం చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు.

పై ప్లేటు పై అంచును 5 మి.మీ., మిగతా ప్లేట్ల అంచులను 3 మి.మీ. గుండ్రం చేయించాలి. క్లీన్ (బెల్‌ను కింది నుంచి భుజం దగ్గరికి ఎత్తడం) చేసినప్పుడు బెల్ ముంజేతి వెనక్కి వచ్చి ఆనుతుంది, కోసిన అంచు అలాగే ఉంటే మొదటి రోజే కమిలిపోతుంది. మొత్తం ఎత్తు సుమారు 214 మి.మీ. పోటీ బెల్ 280 కాబట్టి దానికన్నా పొట్టి. అందువల్ల ఇది ముంజేతి మధ్యలో కాకుండా మణికట్టుకు దగ్గరగా ఆనుతుంది. ప్లేట్ల దొంతర చుట్టూ పాత లారీ ట్యూబు పట్టీ తొడిగితే దెబ్బ మెత్తబడుతుంది, మణికట్టు పట్టీ వేసుకుంటే ఇంకా మంచిది.

అయినా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రెండు చేతుల స్వింగ్, గోబ్లెట్ స్క్వాట్ (బెల్‌ను రొమ్ము దగ్గర పట్టుకుని గుంజీలు), డెడ్‌లిఫ్ట్, రో, ఒంటిచేతి ప్రెస్, వీటికి ఈ డిజైన్ చక్కగా సరిపోతుంది. క్లీన్ 16 కిలోల దాకా సర్దుకుపోతుంది. స్నాచ్‌కు (ఒక్క ఊపులో తల మీదికి ఎత్తడానికి) మాత్రం ఇది సరైనది కాదు. అందులో బెల్ చేతి మీదుగా తిరిగి దిగుతుంది, ఆ తిరుగుడుకు గుండ్రటి ఒళ్లు కావాలి. స్నాచే మీ ప్రధాన వ్యాయామం అయితే డబ్బు కూడబెట్టి మీకు తగిన ఒక్క బరువులో పోటీ సైజు బెల్ కొనుక్కోండి, మిగతా వాటికి దీన్ని వాడండి.

నేల

మీది ఏ బండలో రాయలేదు. తాడిపత్రి బండలైనా, బేతంచెర్ల బండలైనా, కడప బండలైనా అన్నీ పొరలున్న సున్నపురాయి రకాలే. కింద మొరం, సిమెంటు సరిగ్గా నిండని చోట బండ డొల్లగా ఉంటుంది. అక్కడ 24 కిలోలు అర అడుగు ఎత్తు నుంచి పడ్డా పలిగిపోతుంది. నాణెంతో తట్టి చూస్తే డొల్ల చప్పుడు తెలుస్తుంది, వ్యాయామానికి ఆ చోటు ఎంచుకోకండి. బెల్ మీటరు ఎత్తు నుంచి గట్టి బండ మీద పడి 2 మి.మీ.లో ఆగితే, ఆ క్షణంలో పడే దెబ్బ దాని బరువుకు 500 రెట్లు, అంటే 12 టన్నులు. 10 మి.మీ. అణిగే రబ్బరు మీద అదే 100 రెట్లకు తగ్గుతుంది. కాబట్టి కనీసం 20 మి.మీ. జిమ్ రబ్బరు, లేదా పాత కన్వేయర్ బెల్టు ముక్కలు రెండు పొరలు, మీటరు చదరం పరచండి. పై అంతస్తు కాబట్టి కింది ఇంటివాళ్లకు చప్పుడు తగ్గడానికి రబ్బరు కింద పాత పరుపు ఫోమ్ వేయాలనిపిస్తుంది. వేయకండి, కాలు కుదురుగా నిలవదు, నడుము పట్టేస్తుంది.

మొదటి వారం

చేతికి తీసుకునే ముందు 24 కిలోలు బిగించి, నట్టు మీంచి అడుగు ప్లేటు మీదికి ఒకే గీత పెయింట్‌తో గీయండి. ఇసుక కుప్ప మీద అడుగు ఎత్తు నుంచి ఇరవైసార్లు, నిలువుగానూ పక్కకు వాల్చీ వదలండి. గీత విరిగిందంటే నట్టు తిరిగినట్టు. అలాంటప్పుడు ఇంకా గట్టిగా బిగించడం కాదు చేయాల్సింది, ప్లేట్ల ముఖాలు సమంగా ఉన్నాయో లేదో చూడాలి. గీత చెక్కుచెదరకపోతే 8 కిలోలతో మొదలుపెట్టండి. మొదటి వారం ప్రతి సెట్టు ముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడండి, చిన్న టక్కుమన్న చప్పుడు వచ్చినా ఆపి విప్పాలి. ఆ తర్వాత వారానికోసారి గీత, నెలకోసారి హ్యాండిల్ కాళ్ల మొదట్లో వెల్డింగ్ అంచు చూస్తే చాలు. ఆ అంచు వెంబడి వెంట్రుకంత తుప్పు గీత కనిపిస్తే అది పైపై తుప్పు కాకపోవచ్చు, పగుల్లోంచి వచ్చేది కావచ్చు. దాని మీద ఇంకో పొర వెల్డింగ్ వేయించకండి. పగులు చివరిదాకా గ్రైండ్ చేసి తీసేసి, కొత్తగా నింపించాలి. రెండోసారి అదే చోట వస్తే పై ప్లేటు, హ్యాండిల్ రెండూ కొత్తవి చేయించుకోండి. ప్లేట్లు, బుష్‌లు, అడుగు భాగం అవే పనికొస్తాయి.